పిక్క ఉన్న అక్షరం

మా ప్లోవ్దివ్‌లో మనిషి పోతే ఫాదరుకంటే ముందు అచ్చాఫీసుకి కబురు వెళుతుంది. చుట్టూ నల్లగీత, పైన ఫోటో, దాని కింద పెద్ద అక్షరాల్లో పేరు, అట్టడుగున దుఃఖిస్తున్నవాళ్ళ పేర్లు. ఆ కాగితాన్ని ఇంటి తలుపుకీ, పోయినవాడు పనిచేసిన చోట గేటుకీ, బస్టాపుకీ, కరెంటు స్తంభాలకీ అంటిస్తారు. నలభయ్యో రోజున ఇంకోటి, ఆరు నెలలకి ఇంకోటి, ఏడాదికి ఇంకోటి, ఆపైన ఏటేటా ఒకటి. బతికుండగా పక్కింటివాడు కూడా పలకరించని మనిషి పేరు, పోయాక ఊరు ఊరంతా రొట్టె కొనుక్కోవడానికి వెళుతూ చదువుతుంది.

స్మశానానికి వెళ్ళే వీధిలో ఈ కాగితాలు వేసే కొట్టు ఒకటుంది. అందులో ఇరవయ్యారేళ్ళు పనిచేసిన మనిషి నెదెల్కా కలాయ్‌జియేవా. ఏడుస్తూ వచ్చినవాళ్ళని ఆవిడ ఓదార్చేది కాదు. పేరు చెప్పండి, పుట్టిన ఏడు చెప్పండి, ఫోటో ఇచ్చి ఎల్లుండి రండి, అంతే. నోటి దురుసు మనిషని ఊళ్ళో పేరు. దురుసే, కాదనను. ఎందుకైందో ఊరికి తెలీదు. మొదట్లో ఆవిడే చెప్పుకుంది, ఎవరూ నమ్మలేదు, మానేసింది.

ఆవిడ తండ్రి రాగి గిన్నెలకి కళాయి వేసేవాడు. పిల్లది ఎడమచేతివాటం. బళ్ళో పంతులమ్మ ఆ ఎడమ చేతిని రిబ్బనుతో బెంచీకి కట్టేసి కుడిచేత్తో రాయించింది. బళ్ళో కుడిచేత్తో రాసి, ఇంటికొచ్చి తండ్రి బొగ్గుముక్కలతో గోడల మీద ఎడమచేత్తో అవే అక్షరాలు పెద్దవిగా గీసుకునేది. గోడలన్నీ నల్లబడ్డాక తల్లి నాలుగు తన్ని సున్నం కొట్టేది. మళ్ళీ గీసేది. అలా గీసీ గీసీ, ఇరవై రెండో ఏట, పంతొమ్మిదివందల యాభై ఎనిమిదిలో, కపానా సందుల్లో ఉన్న ఝెచో మేస్త్రి అక్షరశాలకి పని నేర్చుకోవడానికి వెళ్ళింది.

ఝెచో మేస్త్రి అంటే అప్పట్లో చిన్న పేరు కాదు. కొట్ల బోర్డుల మీదా, పుస్తకాల అట్టల మీదా, అచ్చాఫీసులు వాడే చెక్క అక్షరాల మీదా ఆయన గీతే. పొట్టి మనిషి, మెడదాకా బొత్తాలు పెట్టుకున్న నీలం చొక్కా, చెవి మీద ఎర్ర పెన్సిలు, జేబునిండా వేయించిన శనగలు. శనగలు నములుతూ తిట్టేవాడు, తిడుతూ నమిలేవాడు. మొదటిరోజు నెదెల్కాని పేరు రాసి చూపించమన్నాడు. ఆవిడ పాళీ ఎడమచేత్తో అందుకుంది.

“ఆ చేత్తోనా?” అన్నాడు.

“ఈ చేత్తోనే, మేస్త్రీ.”

“సరే, చూద్దాం. ఎడమచేత్తో గీసింది ఎలా ఏడుస్తుందో నేనూ చూసి చాలాకాలమైంది.”

ఆయన ఆమెకి ఇచ్చిన మొదటి అక్షరం మా లిపిలోని ఝ. మా ముప్పై అక్షరాల్లో దానంత మొండిది లేదు. మధ్యలో ఒక నిలువుగీత, ఎడమవైపు ఒక చెయ్యీ ఒక కాలూ, కుడివైపు ఒక చెయ్యీ ఒక కాలూ. ఎంత గీసినా ఒక అవయవం పక్కదాన్ని నెట్టేస్తుంది. కష్టమైనది ముందు నేర్పుతాను అనేవాడు మేస్త్రి. తన పేరులో మొదటి అక్షరం అదే కావడంవల్ల నేర్పుతున్నాడని మిగతా శిష్యులు గొణుక్కునేవారు. నాకు రెండోదే నమ్మబుద్ధవుతుంది.

పని పద్ధతి ఇదీ. గళ్ళకాగితం మీద అరచెయ్యంత ఎత్తున పెన్సిలుతో అక్షరం అంచులు మాత్రం గియ్యాలి. తర్వాత లోపల ఇంకు నింపాలి. పొంగినచోట తెల్లరంగుతో కొయ్యాలి, తగ్గినచోట మళ్ళీ ఇంకు పెట్టాలి. ఆరాక ఆ కాగితాన్ని గోడకి తలకిందులుగా గుచ్చి గుమ్మం దగ్గర నిలబడి చూడాలి. తిరగేస్తే అది చదివే అక్షరంలా కాక ఉత్త ఆకారంలా కనిపిస్తుంది, వంకరేదో బయటపడుతుంది. గుమ్మం దగ్గర నిలబడి చూస్తే గుండ్రటి అక్షరం పక్కవాటికంటే చిన్నగా కనిపిస్తుంది, అందుకని దాన్ని గీతదాటి వెంట్రుకవాసి కిందికి దింపాలి. రెండు కాళ్ళమధ్య మిగిలే తెలుపు కూడా నువ్వు గీసినదే అని మేస్త్రి రోజుకి పదిసార్లు అరిచేవాడు. నెదెల్కాకి ఆ మనిషంటే అసహ్యం, కానీ ఆ మాటలన్నీ నిజమని ఆమె చేతికి తెలిసిపోయేది. వీధిలో నడుస్తూ బోర్డుల మీద అక్షరాల మధ్య తెలుపు చూస్తూ సైకిళ్ళకి అడ్డంపడేది. ఇంట్లో బానిత్సా అనే పొరల రొట్టెకి పిండి పరిచి, రేకు సాగదియ్యకుండా ఆ పిండిలో వేలితో ఝ గీస్తూ కూర్చునేది. తల్లి తిట్లు అక్కడా తప్పలేదు.

చిక్కల్లా ఎడమకాలితోనే. వెడల్పు పాళీతో కుడిచేత్తో రాసేవాడికి ఒక వాలు గీతలు లావుగా, ఇంకో వాలు గీతలు సన్నగా వస్తాయి. ఆ లెక్కన ఝ ఎడమకాలు సన్నగా ఉండాలి. నెదెల్కా చేతికింద అది ఎప్పుడూ మధ్యలో ఉబ్బేది. గళ్ళు లెక్కపెట్టుకుని సన్నగా గీసినా, ఇంకు నింపేటప్పుడు చెయ్యి తనంతట తను అక్కడ కాస్త ఆగేది. మేస్త్రి ఎర్ర పెన్సిలు ప్రతిసారీ అక్కడే దిగబడేది.

“అక్షరానికి కాలుండాలిగానీ పిక్క ఉండకూడదమ్మాయ్,” అన్నాడు ఒకరోజు అందరి ముందూ. “ఇది బస్తాలు మోసే కూలోడి కాలు.”

“నిలబడాలి కదా, మేస్త్రీ.”

“నిలబెట్టడానికి నేనున్నాను. నువ్వు గియ్యి.”

తొమ్మిది నెలలు ఒక్క ఝ గీయించాడు. ఆమెతో చేరినవాళ్ళు పదేసి అక్షరాలు దాటి కొట్ల బోర్డులకి వెళ్ళిపోయారు. ఆమె కాగితాల మీద ఎర్ర రాతలు మాత్రం పెరిగాయి. మళ్ళీ పిక్క. ఎడమచెయ్యి మళ్ళీ. ఎన్నిసార్లు చెప్పాలి. ఆ తర్వాత మిగతా అక్షరాలు ఒకటొకటే ఇచ్చాడు, వాటన్నిటికీ అదే తిట్టు. రెండున్నరేళ్ళలో ముప్పై అక్షరాలూ గీసింది, మధ్యమధ్యలో మళ్ళీ ఝ దగ్గరికే తెచ్చేవాడు. ఒక్కటి బాగుందన్న మాట ఆ నోట్లోంచి రాలేదు. ప్రతి శనివారం సాయంత్రం వారంలో గీసిన కాగితాలన్నీ మేస్త్రికి అప్పజెప్పాలి, ఆయన వాటిని పొయ్యిలో పెడతాడు. తప్పుల్ని ఇంటికి మోసుకెళితే తప్పులే అలవాటవుతాయని ఆయన నియమం. శిష్యులు పెరట్లో కుంచెలు కడుక్కునే వేళకి ఆయన ఒక్కడే లోపల పొయ్యి దగ్గర ఉండేవాడు. ఎండాకాలం పొయ్యి వెలిగించరు కదా అని ఒకడు అడిగితే, చలికాలానికి దాస్తున్నానన్నాడు. అందులో ఎవరికీ వింత కనిపించలేదు.

అరవై ఒకటో సంవత్సరం ఏప్రిల్‌లో నెదెల్కా పొద్దున పనికి వెళుతూ, బేకరీ ఎదురుగా ఉన్న స్తంభం దగ్గర ఆగింది. ఎవరో ముసలాయన ఏడాది కాగితం. పైన విషాద స్మృతి అన్న శీర్షిక. మా భాషలో ఆ మాట నడుమ ఝ వస్తుంది. ఆ ఝ ఎడమకాలికి పిక్క ఉంది.

మొదట ఇంకు కారిందేమో అనుకుంది. చేతిలో బానిత్సా ముక్క పట్టుకుని తర్వాతి స్తంభం దగ్గరికి వెళ్ళింది. అక్కడా పిక్క ఉంది. ఇంకు అన్ని స్తంభాల మీదా ఒక్కచోటే కారదు. వేలితో తడిమి చూసింది. అప్పుడు మిగతా అక్షరాలు కూడా కనిపించాయి, ఒక్కొక్కటీ తన చెయ్యి ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. నడివీధిలో చొక్కా విప్పేసినట్టయింది ఆమెకి. ఆ కాగితం అచ్చువేసిన కొట్టుకి వెళ్ళి అడిగింది. కొత్త చెక్క అక్షరాలమ్మా, ఈ నెలే వచ్చాయి, రాజధాని సోఫియాలో పోటీకి పెడితే మొదటి బహుమతి వచ్చిందట, ఝెచో మేస్త్రి గీశాడు, వాళ్ళమ్మాయి పేరు పెట్టాడు, గెర్గినా అని చెప్పారు. అక్షరాలకి మనుషుల పేర్లు పెట్టడం మావాళ్ళకి మామూలే. ఎడమకాలు అడుగు ముందుకేస్తున్నట్టు ఉందని న్యాయనిర్ణేతలు ప్రత్యేకంగా మెచ్చుకున్నారని కూడా చెప్పారు. పుండు మీద కారం చల్లినట్టు ఆ చివరి మాటే ఆమెకి మిగిలింది.

అక్షరశాలకి వెళ్ళేసరికి మేస్త్రి శనగలు నములుతున్నాడు.

“మేస్త్రీ, ఆ అక్షరాలు నావి.”

ఆయన తడుముకోలేదు. ఎప్పుడో ఒకప్పుడు అడుగుతుందని తయారుగా ఉన్నట్టున్నాడు. “బల్ల నాది, కాగితం నాది, ఇంకు నాది, ఎర్ర పెన్సిలు నాది. ఇందులో నీదేముంది? ఆ ఎడమచెయ్యేగా?”

“అది చాలదా? పొయ్యిలో పెట్టిన కాగితాలు అచ్చులోకి ఎలా లేచొచ్చాయి?”

“నా మనసులో ఉన్నదాన్ని నువ్వు వంకరగా గీశావు, నేను సరిదిద్దాను.”

“మీరు సరిదిద్దినట్టు అందులో ఒక్క గీత లేదు,” అంది నెదెల్కా. “ఉంటే నాకీ గొడవ లేదు.”

మిగతా శిష్యులు తలలు కాగితాల్లో పెట్టేశారు. మేస్త్రి నోట్లో శనగ మింగి, ఆ ఎడమచేత్తోనే తలుపు తీసుకుని వెళ్ళిపొమ్మన్నాడు. ఆమె తలుపు తీసింది కానీ వెయ్యలేదు. ఏప్రిల్ గాలికి గోడమీది కాగితాలన్నీ ఎగిరాయని, మేస్త్రి రోజంతా వాటిని ఏరుకున్నాడని తర్వాత తెలిసింది. ఆ రోజు ఆమెకి దక్కిన ఆనందం అంతమాత్రమే.

ఆమెకి కావలసింది ఒక్కటే. ఆ అక్షరాల పక్కన తన పేరు. బహుమతి వద్దు, పతకం వద్దు. దానికోసం సోఫియా వెళ్ళి బహుమతులిచ్చే ఆఫీసులో మూడు రోజులు బల్లల మీద కూర్చుంది. నాలుగోరోజు ఒక కళ్ళద్దాలాయన పిలిచి, మీరు గీసిన కాగితాలు చూపించండన్నాడు. కాల్చేశారంది. సాక్షులున్నారా అన్నాడు. శిష్యుల పేర్లు చెప్పింది. వాళ్ళు అప్పటికే మేస్త్రి వైపు సంతకాలు పెట్టి పంపించారు. అయితే ఇక్కడే గీస్తాను చూడండని, ఆయన బల్లమీద, ఆయన పాళీతో, ఎడమచేత్తో ఝ గీసింది. పిక్కతో సహా, గళ్ళకాగితం కూడా లేకుండా. ఆయన దాన్ని ఎత్తి చూసి, బాగుంది, కానీ అచ్చులో చూసినవాళ్ళు ఎవరైనా గీస్తారు కదమ్మా అన్నాడు. ఆ కాగితం కూడా ఆయన దగ్గరే ఉండిపోయింది.

ఊళ్ళో మేస్త్రి చెప్పుకోవలసింది చెప్పుకున్నాడు. పిల్లకి కళ్ళు నెత్తికెక్కాయి, గురువు గీతని కాపీ కొట్టి గురువు మీదే పిటిషను పెట్టింది అని. ఏ అక్షరశాలా ఆమెని గుమ్మం ఎక్కనివ్వలేదు. చివరికి స్మశానం వీధిలో కొట్టు నడిపే స్తామెన్ బాబాయి పిలిచి కంపోజింగ్ పనిలో పెట్టుకున్నాడు. నీకు కోపం ఎక్కువని విన్నానమ్మా అన్నాడాయన, ఇక్కడికి వచ్చేవాళ్ళంతా ఏడుస్తారు, ఒక్కరు కోపంగా ఉంటే కొట్టుకి మంచిదే.

ఆ కొట్లో కేసులనే చెక్క అరల్లో ఉన్న పెద్ద అక్షరాలన్నీ గెర్గినావే. వేరేచోట పని దొరికే రోజులొచ్చాక కూడా ఆవిడ అక్కణ్ణించి కదల్లేదు. తను గీసిన ముప్పైనీ పరాయివాళ్ళ చేతుల్లో వదిలేసి ఎక్కడికి పోతుంది? ఇరవయ్యారేళ్ళు రోజూ ఆ అక్షరాలనే ఎవరెవరి పేర్లకో పేర్చింది. రొట్టెలవాళ్ళ పేర్లు, రైలు డ్రైవర్ల పేర్లు, తన తల్లి పేరు. ఊరికి ఆవిడ మీద నమ్మకం లేదు గానీ, ఊళ్ళో ప్రతి చావూ ఆవిడ గీసిన కాళ్ళ మీదే నిలబడింది.

డెబ్భయ్యో సంవత్సరంలో మేస్త్రి భార్య పోయింది. అప్పట్నుంచీ ఏటా అక్టోబరులో ఆవిడ ఏటేటి కాగితం కోసం ఆయన ఆ కొట్టుకి రావడం మొదలుపెట్టాడు. ఊళ్ళో ఇంకో కొట్టు ఉంది, అక్కడికి వెళ్ళొచ్చు. వెళ్ళేవాడు కాదు. భయపడ్డాడని ఈవిడ అనుకుంటుందని ఆయన పంతం.

“మా ఆవిడ పేరు నా అక్షరాల్లో వెయ్యి,” అనేవాడు.

“మీవి ఏ కేసులో ఉన్నాయో చూపించండి, వేస్తాను,” అనేది.

పదహారేళ్ళు ఇదే మాట, ఇదే జవాబు. ప్రూఫు చేతికిస్తే చెవిమీంచి ఎర్ర పెన్సిలు తీసి, అక్షరాల మధ్య ఖాళీలు సరిగా లేవని గుర్తులు పెట్టేవాడు. ఆవిడ ఆ ప్రూఫు తీసుకుని ఆయన చూస్తుండగానే నలిపి బుట్టలో పారేసి, ఉన్నది ఉన్నట్టు అచ్చువేసి ఇచ్చేది. ఆ ఖాళీలు సరిగ్గానే ఉండేవి. అది ఆయనకీ తెలుసు. ఒకటి రెండుసార్లు ఆయన వేలు అచ్చుమీది అక్షరం పిక్క దగ్గర ఆగడం ఆవిడ చూసింది. అది సిగ్గో, ఇంకేమిటో ఆవిడ ఆలోచించలేదు. పళ్ళు నూరుకుంది, అంతే.

ఎనభై ఏడు ఫిబ్రవరిలో ఝెచో మేస్త్రి పోయాడు. ఆర్డరివ్వడానికి కూతురు గెర్గినా వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, హైస్కూల్లో కెమిస్ట్రీ చెబుతుంది. తండ్రి ద్వారా ఈవిడ గురించి విననిది లేదు. కుర్చీ చూపించినా కూర్చోకుండా ఆర్డరు కాగితం నింపి, నాన్నగారి పేరు గెర్గినా అక్షరాల్లోనే రావాలి, తేడా రాకూడదు అని చెప్పి వెళ్ళింది. స్తామెన్ బాబాయి అప్పటికి పని మానేశాడు. కొట్లో నెదెల్కా ఒక్కతే ఉంది.

ఆవిడ పేరు పేర్చడానికి కేసులోంచి ఝ తీసింది. తీసి మళ్ళీ పెట్టేసింది. బతికినన్నాళ్ళూ తప్పు తప్పు అని ఎర్రగా కొట్టేసిన అక్షరాన్ని చచ్చాక నెత్తిన పెట్టుకుని ఊరేగుతాడా? ఒక పియర్ చెక్కముక్క తీసుకుంది. గళ్ళకాగితం మీద ఝ గీసింది, ఈసారి మేస్త్రి అడిగినట్టే, ఎడమకాలు సన్నగా, పిక్క అన్నది లేకుండా. దానికోసం కుడిచేత్తో గీసింది. పంతులమ్మ రిబ్బను కట్టి నేర్పిన ఆ చెయ్యి ఇన్నాళ్ళకి పనికొచ్చింది. దాన్ని తిరగేసి చెక్కమీద అంటించి మధ్యాహ్నమంతా కూర్చుని ఉలితో చెక్కింది. తొమ్మిది నెలలు ఆయన అడిగిన అక్షరం ఒక్క పూటలో తయారైంది. తక్కిన అక్షరాల పక్కన అది ఒంటికాలి మీద నిలబడ్డ కొంగలా ఉంది. అలాగే అచ్చువేసింది.

మూడోరోజు గెర్గినా స్తంభం మీంచి పీకిన కాగితంతో వచ్చింది. జిగురు ఇంకా తడిగా ఉంది.

“ఇది మా నాన్న అక్షరం కాదు.”

“ఇదే ఆయన అక్షరం. దీనికోసం నన్ను చంపుకుతిన్నాడు.”

“నేను చిన్నప్పట్నించీ చూస్తున్నాను. నా పేరుమీద ఉన్న అక్షరాలు నాకు తెలీవా? ఆ కాలికి పిక్క ఉంటుంది. దానికే బహుమతి వచ్చింది. మీకు మా నాన్న మీద ఉన్న కుళ్ళు ఆయన శవం మీద చూపించారు.”

“పిక్క ఆయనదే అయితే,” అంది నెదెల్కా, “ఆయన గీసిన కాగితం పట్రా. ఒక్కటి చాలు. వందసార్లు ఉచితంగా అచ్చువేసి, నా చేత్తో స్తంభాలకి అంటించి, నడివీధిలో క్షమాపణ చెబుతాను.”

“తెస్తాను. నాన్న బీరువాలో అన్నీ ఉన్నాయి.”

ఆ మాటకి నెదెల్కా చేతిలోని గుడ్డ బల్లమీద పడింది. శనివారాల పొయ్యి గుర్తొచ్చింది.

మర్నాడు గెర్గినా అట్టసంచీ ఒకటి చంకన పెట్టుకుని వచ్చింది. నాడాతో కట్టి ఉంది, పైన మేస్త్రి రాతలో గెర్గినా అని ఉంది. ఇంట్లో విప్పి చూడలేదు. ఇక్కడే విప్పి ఆ ఆడదాని మొహాన కొట్టాలని అలాగే పట్టుకొచ్చింది. బల్లమీద పెట్టి నాడా లాగింది.

పైకాగితం మీద అరచెయ్యంత ఝ. పసుపెక్కిన గళ్ళకాగితం, పిక్క చుట్టూ ఎర్రటి సున్నా, పక్కన ఎర్రరాత. గెర్గినా గొప్పగా పైకి చదవడం మొదలెట్టింది. “ఎడమచెయ్యి మళ్ళీ...” అక్కడ ఆగింది. తర్వాతి కాగితం తీసింది. పిక్క తియ్యి నెదెల్కా అని ఉంది, తేదీతో. ఆ తర్వాతిది. ఆ తర్వాతిది. ఎన్నిసార్లు చెప్పాలి నెదెల్కా. ముప్పై అక్షరాలూ ఉన్నాయి, ఒక్కో అక్షరానికి పదులకొద్దీ కాగితాలు, వారాల వరసలో పేర్చి ఉన్నాయి. రెండున్నరేళ్ళ శనివారాల్లో ఒక్కటీ పొయ్యిలోకి వెళ్ళలేదు.

అడుగున ఉన్న ఝ మీద ఎర్ర సున్నా లేదు. మూలన చిన్నగా, ఇదే, అని మాత్రం రాసి ఉంది. అరవై ఒకటి జనవరి పద్నాలుగు.

నెదెల్కాకి ఆ రోజు గుర్తుంది. ఆ రోజు ఈ కాగితాన్నే అందరి ముందూ ఎత్తి చూపించి, ఇది చూసి నేర్చుకోండి, ఇలా గియ్యకూడదు అన్నాడు. సాయంత్రం దాకా పదకొండుసార్లు మళ్ళీ గీయించాడు. పెరట్లో కుంచెలు కడుగుతూ నీళ్ళ చప్పుడులో ఆమె ఏడ్చిన ఒకే ఒక్క రోజు అది.

గెర్గినా ఆర్డరిచ్చేవాళ్ళు కూర్చునే బెంచీమీద కూర్చుంది. “నా లెక్కల పుస్తకాల్లో కూడా ఇలాగే రాసేవాడు,” అంది. “ఈ ఎర్రరాత నేను ఎక్కడున్నా గుర్తుపడతాను.”

నెదెల్కా ఆమెని ఓదార్చలేదు. మంచినీళ్ళు కూడా ఇవ్వలేదు. కాగితాలని మళ్ళీ వరసలో పేర్చింది, ఎందుకంటే కూతురి చేతుల్లో అవి కలిసిపోయాయి.

“ఇప్పుడు మీకేం కావాలి?” అంది గెర్గినా. “నా పేరు తీసేయించమంటారా వాటికి?”

“ఇరవయ్యారేళ్ళుగా కేసులోంచి నీ పేరుతోనే తీస్తున్నాను. అది నాకేం అడ్డం లేదు.”

“క్షమాపణ కావాలా?”

“చెప్పాల్సినవాడు పోయాడు. నువ్వు చెబితే నాకేం ఒరుగుతుంది? నలభయ్యో రోజు కాగితానికి ఆర్డరు రాయి.”

గెర్గినా రాసింది. తండ్రి పేరు, పుట్టిన ఏడు, పోయిన ఏడు. దుఃఖిస్తున్నవాళ్ళు అన్నచోట తన పేరు, కొడుకు పేరు. అక్కడ పెన్ను ఆగింది. తలెత్తకుండానే అడిగింది. “మీ పేరు వీళ్ళ పక్కన రాయనా?”

“నేను దుఃఖించడం లేదు.”

“తెలుసు,” అంది గెర్గినా. వాళ్ళ పేర్ల కింద ఒక గీత గీసింది. గీత కింద, అక్షరాలు గీసినది నెదెల్కా కలాయ్‌జియేవా, అని రాసింది. రాసి కాగితాన్ని అటు తోసి, అట్టసంచీని అక్కడే వదిలేసి, వెళ్ళొస్తానని కూడా అనకుండా వెళ్ళిపోయింది. ఆమెకి ఈవిడ మీద కోపం తగ్గలేదు. తగ్గాల్సిన అవసరం ఉందని ఇద్దరిలో ఎవరూ అనుకోలేదు.

నెదెల్కా పేర్చి ఉన్న పేరులోంచి కొంగకాలు ఝని ఊడదీసింది. మేస్త్రి కోరుకున్న ఒకే ఒక్క అక్షరం, లోకంలో దానికి రెండో ప్రతి లేదు. పొయ్యి మూత తీసి అందులో పడేసింది. పియర్ చెక్క బాగా మండుతుంది. తర్వాత కేసులోంచి, అంచులు అరిగిన పాత ఝని తీసి, ఆయన పేరు మొదట్లో పెట్టింది.

నలభయ్యో రోజున గెర్గినాయే కపానా అంతా తిరిగి ఆ కాగితాలు అంటించింది. సాయంత్రం కొట్టు మూశాక నెదెల్కా అక్షరశాల గేటుదాకా నడిచింది. ఇరవయ్యారేళ్ళలో ఆ సందులోకి రావడం అదే మొదలు. ముందు కింది వరస చదివింది. కొట్లో ఉన్నవాటిలోకెల్లా చిన్న సీసం అక్షరాలు అవి, వంగితేగానీ కనిపించవు. ఆవిడ వంగింది. తర్వాత తలెత్తి పైన ఆయన పేరు చూసింది, అది పిక్క ఉన్న కాలి మీద గట్టిగా నిలబడి ఉంది.

ఆయన్ని క్షమించావా అని తర్వాత ఆవిణ్ణి చాలామందే అడిగారు. లేదనే చెప్పేది. అక్షరం ఇచ్చాను, అదీ నా పేరు రాసిచ్చాకే, అనేది.